కాజాలోకి పాకం ఎలా చేరింది?

కాకినాడ గొట్టం కాజాను తొలిసారి నోట పెట్టుకోబోయేవారికి "చొక్కా జాగ్రత్త" అని చెప్పడం గోదావరి జిల్లాలలో ఒక మర్యాద. కొరకగానే పెళుసైన పైపొర చిట్లి, లోపలి పాకం గడ్డం మీదుగా కారుతుంది. చూడబోతే ఆ కాజాకు రంధ్రం లేదు, అతుకు లేదు. మరి పాకం లోపలికి ఎలా వెళ్ళినట్టు?

పందొమ్మిదవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు మిఠాయివారు ఎక్లేర్ అనే పొడవాటి బోలు వంటకాన్ని ప్రసిద్ధికి తెచ్చారు. పిండిలోని తేమ ఆవిరై, లోపల ఖాళీ చేస్తుంది. ఆపైన సంచితో మీగడను కూరుతారు. మన గొట్టం కాజా కూడా ఆవిరి తొలిచిన బోలే. అయితే దానిని ఎవరూ నింపరు, తనంత తానే నిండుతుంది. ఈ తేడాయే నన్ను ఈ నాలుగు మాటలూ వ్రాయించింది.

పేరు మనది కాదు. సంస్కృత "ఖాద్యం" ప్రాకృతంలో "ఖజ్జ"గా మారి, హిందీలో "ఖాజా" అయింది. మన నాలుక మీద ఒత్తు జారిపోయింది. బీహారులోని సిలావ్ ఖాజాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. పూరీ జగన్నాథుని ప్రసాదాలలోనూ ఖాజా ఉన్నది. ఈ రెండింటినీ చూపి, కాజా మొత్తం ఉత్తరాది సరుకేనని తీర్పు చెప్పేవారున్నారు. నేను సగమే ఒప్పుకుంటాను. అవి పొరల ఖాజాలు. పాకపు బావిని కడుపులో దాచుకున్న కాజాకు ఆ పొరల ఖాజా పేరు ఇచ్చిందేమో గాని, పనితనం ఇవ్వలేదు.

ఆ పనితనంతో ముడిపడిన పేరు చిట్టిపెద్ది కోటయ్యది. గుంటూరు ప్రాంతం నుండి వచ్చి, 1891లో కాకినాడలో మిఠాయి దుకాణం పెట్టారని ప్రసిద్ధి. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన 1900లో గాని పూర్తి కాలేదు. అంటే ఆయన వచ్చిన కాలానికి అటువారు ఇటు రావాలంటే నదిని పడవమీదనే దాటాలి. డెల్టా వరిసీమ, గోధుమ ఇక్కడి పంట కాదు. అటువంటి చోట మైదా మిఠాయి వేళ్ళూనుకోవడానికి ఆ ఊరు రేవు పట్టణం కావడం కొంత తోడ్పడి ఉంటుందని నా ఊహ. (బియ్యంతోనే ఈ సీమ ఏం చేయగలదో చూడదలచినవారికి ఆత్రేయపురం పూతరేకులు ఉండనే ఉన్నాయి. వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ కథ వేరు.)

ఇక తయారీ. మైదాను మెత్తగా కలిపి, గంటల తరబడి నాననిస్తారు. పొడుగ్గా చుట్టి ముక్కలు కోసి, మొదట కాగీకాగని నూనెలో వేస్తారు. ముక్క నెమ్మదిగా ఉబ్బుతుంది. ఆపైన బాగా కాగిన నూనెలోకి మారిస్తే పైపొర గట్టిపడి, లోపలి ఆవిరి పిండిని అంచులకు నెట్టి బోలు చేస్తుంది. వేడి తగ్గకముందే పాకంలో ముంచుతారు. లోపలి ఆవిరి చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ వెలితిని పూరించడానికి కంటికి కనబడని సందులలోంచి పాకం లోపలికి పీల్చబడుతుంది. పాకం ముదిరితే లోపలికి పోదు, మరీ పలుచనైతే పైపొర మెత్తబడిపోతుంది. పనివాని నేర్పంతా ఈ రెంటి నడుమ ఉన్నది.

మండపేట దగ్గరి తాపేశ్వరం మడత కాజాది మరొక దారి. దానిని 1939లో పోలిశెట్టి సత్తిరాజు మొదలుపెట్టారు. పలుచగా వత్తిన పిండిపై నెయ్యి, పిండి పూసి, చాపలా చుట్టి, కోసి, ఒక్క ఒత్తు ఒత్తి, సన్నసెగన వేయిస్తారు. మడతలు విచ్చుకుంటాయి, పాకం వాటి మధ్య నిలుస్తుంది. సిలావ్ ఖాజాకు దగ్గరి చుట్టం ఏదంటే ఇదే. అయినా ఆరిన సిలావ్ ఖాజా కరకరకూ, పాకం తాగిన తాపేశ్వరం కాజాకూ చాలా దూరం.

ఇంట్లో చేసుకోదలచినవారు తాపేశ్వరం దారి పట్టడం మేలు. మడత విడిపోయినా తినడానికి బాగానే ఉంటుంది. గొట్టం కాజా మాత్రం నూనెలోనే పగిలిందా, పాకం నిలవదు, చొక్కాకు ఏ ప్రమాదమూ ఉండదు.