హుస్సేన్ సాగర్ చుట్టూ: మన పెద్దల అడుగుజాడలు

హైదరాబాదు వాసులకు హుస్సేన్ సాగర్ గురించి కొత్తగా చెప్పేదేముంది అని కొందరు అనుకోవచ్చు. రోజూ బస్సులోనో స్కూటరు మీదనో ఆ గట్టు దాటుతూనే ఉంటాం. దాటడం వేరు, నడవడం వేరు. నడిచి చూస్తే నాలుగున్నర శతాబ్దాల చరిత్ర ఆ నీటి చుట్టూ ఎట్లా పరుచుకుని ఉన్నదో తెలుస్తుంది. ముఖ్యంగా మన పిల్లలకు తెలియాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ చెరువు నగరం కన్నా పెద్దది, వయసులో అన్నమాట. హైదరాబాదుకు పునాది పడింది 1591లో. చెరువు తయారైంది 1562లో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో. మూసీ నుంచి కాలువ తవ్వి నీళ్లు తెచ్చారు. పని అంతా దగ్గరుండి చేయించినవారు హజ్రత్ హుస్సేన్ షా వలీ గారు. గుల్బర్గా బందే నవాజ్ గారి వంశస్థులని చెబుతారు. జనం అభిమానంతో చెరువును ఆయన పేరుతోనే పిలవసాగారు. పాదుషా గారికి తన పేరు పెట్టాలని ఉండేదట. జనం వినకపోయేసరికి ఇబ్రహీంపట్నంలో మరో చెరువు తవ్వించుకున్నారని పెద్దలు కథగా చెబుతారు. కథ ఏదైనా, పాదుషా పేరును కాదని పని చేసినవారి పేరును జనం నిలబెట్టారు!

ఈ ఇబ్రహీం పాదుషా మన తెలుగువారికి పరాయివారు కారు. గద్దె ఎక్కకముందు ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నారు. అక్కడే తెలుగు మీద ప్రేమ పెంచుకున్నారు. తెలుగు కవులు ఆయనను ‘మల్కిభరాముడు’ అని పిలిచారు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. ఉర్దూ ఒకరిది, తెలుగు మరొకరిది అని గీత గీసేవాళ్లకు ఈ చెరువే జవాబు.

ఇక నడక మొదలుపెడదాం. సచివాలయం వైపు నుంచి గట్టు ఎక్కితే ఎడమచేతి వైపు నీళ్లు, కుడిచేతి వైపు పల్లపు బస్తీలు. ఈ గట్టును వెడల్పు చేయించి నేటి ట్యాంక్‌బండ్ రూపం తెచ్చిన ఘనత 1946-47లో నిజాం ప్రధానమంత్రిగా ఉన్న సర్ మీర్జా ఇస్మాయిల్ గారిది. 1986లో ఇక్కడ వెలసిన విగ్రహాల్లో నన్నయ, మొల్ల, వేమనల వరుసలోనే తానీషా, మహబూబ్ అలీ పాషా, కవి మఖ్దూం మొహియుద్దీన్ కూడా కనిపిస్తారు. పిల్లల చేత ఆ పేర్లు చదివించండి. ఎవరు వీరు అని వాళ్లే అడుగుతారు.

నీటి మధ్య నిలిచిన బుద్ధ విగ్రహం 1990 మార్చిలో తెప్ప ఒరిగి నీట మునిగింది. పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండేళ్లకు పైగా నీటి అడుగునే ఉండి, 1992 డిసెంబరులో పీఠం ఎక్కింది. చూసి మురిసేవాళ్లు ఆ పోయినవాళ్లను కూడా తలుచుకోవాలి.

గట్టు చివరన, సికింద్రాబాదు వైపు, సైదానీ మా గారి సమాధి ఉంది. నవాబు అబ్దుల్ హఖ్ దిలేర్ జంగ్ తన తల్లి జ్ఞాపకార్థం 1883లో కట్టించారు. కుతుబ్‌షాహీ, మొగలాయీ పద్ధతులు రెండూ కలిసిన కట్టడం. సున్నపు నగిషీ, జాలీ పని చూడముచ్చటగా ఉంటాయి. ఏళ్ల తరబడి ఆలనాపాలనా లేక పడి ఉండేది. ఎదురుగా వేలమంది పోతుంటారు, లోపలికి తొంగి చూసేది ఎందరు?

అక్కడి నుంచి సంజీవయ్య పార్కు మీదుగా నెక్లెస్ రోడ్డు పట్టి ఖైరతాబాదు వైపు వస్తాం. ఆ పేట పేరు కుతుబ్‌షాహీ రాకుమారి ఖైరున్నీసా బేగం గారిది. ఆమె పేరున 1626లో కట్టిన మసీదు నేటికీ ఉంది. కాస్త పైకి పోతే పంజాగుట్ట మిట్ట మీద ఎర్రమంజిల్. నవాబు ఫఖ్రుల్ ముల్క్ గారి మహలు. ‘ఇరమ్’ అంటే ఫార్సీలో స్వర్గవనం, ‘ఎర్ర’ అంటే తెలుగులో మనకు తెలిసిందే. రెండూ కలిసొచ్చేలా పేరు పెట్టారట. ప్రభుత్వం దీన్ని కూల్చి కొత్త శాసనసభ కట్టాలనుకుంటే 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. నగర పౌరులు కొందరు కాగితాలు పట్టుకుని కోర్టుకు పోబట్టి ఆ గోడలు నిలిచాయి.

అన్నిటికీ ఆ అదృష్టం పట్టలేదు. దక్షిణపు ఒడ్డున మహబూబ్ అలీ పాషా 1888లో కట్టించిన సైఫాబాద్ ప్యాలెస్ ఉండేది. ఉడుము అడ్డం వచ్చిందని ఆయన అందులో కాపురమే ఉండలేదని చెబుతారు. తర్వాత అది సర్కారు దఫ్తరు అయింది. 2020లో పాత సచివాలయంతో పాటు నేలమట్టమైంది. ఆ ఆవరణలోని రెండు మసీదులు, ఒక గుడి కూడా అప్పుడే పోయాయి. మళ్లీ కట్టి 2023 ఆగస్టులో ప్రారంభించారు. ప్యాలెస్ మాత్రం ఫోటోల్లోనే మిగిలింది. 1920 నాటి విద్యుత్ కేంద్రం కూడా ఇక్కడే ఉండేది. దాన్ని 1995లో తీసేశారు.

చెరువు సంగతీ అంతే. ఒకప్పుడు నగరానికి తాగునీరు ఇచ్చిన చెరువు ఇది. మురికినీరూ ఫ్యాక్టరీల వ్యర్థాలూ కలిసి ఇప్పుడు ముక్కు మూసుకోవలసి వస్తోంది. ఒడ్డు నుంచి మట్టి పోసి జాగా కలుపుకోవడంతో విస్తీర్ణమూ తగ్గింది.

ఇదంతా రాసింది పాత వైభవం తలుచుకుని నిట్టూర్చడానికి కాదు. కట్టడం కూలాక బాధపడి లాభం లేదు, కూలకముందే దాని విలువ తెలిసి ఉండాలి. మన ఇళ్లలో పాత బీరువాల్లో ఉర్దూ, ఫార్సీ కాగితాలు, ఫోటోలు, ఇనాం పత్రాలు మూలుగుతున్నాయి. చదవగలిగిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్లున్నప్పుడే కూర్చోబెట్టి చదివించుకోవాలి, తెలుగులో రాసి పెట్టుకోవాలి. సెలవు రోజున ఒక పూట పిల్లల్ని వెంటబెట్టుకుని ఈ గట్టు మీద నడవండి. అలసిపోతే కూర్చోండి, మిగిలింది మరో ఆదివారం చూడవచ్చు. హుస్సేన్ షా వలీ గారి పేరును జనమే నిలబెట్టారు. మిగతావాటిని నిలబెట్టవలసింది కూడా జనమే, అంటే మనమే.