పడిసెమును కార్జమును



పడిసెము ముక్కునకును, దగ్గు రొమ్మునకును, కామెర కార్జమునకును చెందిన జబ్బులని మనము వేరువేరుగా లెక్కించుచుందుము. శాస్త్రజ్ఞులు కాలేయమనునది ఈ కార్జమునే. మన లెక్క యెంత పొరపాటో సిడ్నీ నగరమున మరణించిన కొందరు బిడ్డల చరిత్ర తెలుపగలదు.

ఆస్ట్రేలియా దేశమందలి యా నగరమున, రాయల్ అలెగ్జాండ్రా బాలవైద్యశాలలో డగ్లస్ రై అను వైద్యుడు మృతదేహములను పరీక్షించి రోగకారణమును వెదకు పనిలో నుండెను. 1951 మొదలు 1962 వరకు ఒకే తీరు జబ్బుతో నచ్చటికి వచ్చిన 21 మంది బిడ్డల వృత్తాంతమును ఆయన తోడివారితో గూడి సమకూర్చెను. మొదట పడిసెము, దగ్గు, గొంతునొప్పి వంటివి. అవి నెమ్మదించి తల్లి మనసు కుదుటబడునంతలో ఆగని వాంతులు, పలవరింత, మూర్ఛ, తెలివి తప్పుట. 17 మంది దక్కలేదు. లక్షణములన్నియు మెదడునే చూపుచుండెను. కాని దేహమును కోసి చూడగా కార్జము క్రొవ్వుతో నిండి పసుపుపచ్చగా నుండెను. 1963లో ఈ సంగతి ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటింపబడెను. ఆ యేడే అమెరికాలోని ఉత్తర కెరొలినా వైద్యులును, ఇన్‌ఫ్లుయెంజా ‘బి’ వ్యాపించిన కాలమున అట్టి మరణములు కలిగినవని తెలిపిరి.

ఇందలి వింత యేమనగా, వైరసు కార్జముపై బడి దానిని తినివేయలేదు. కామెరయు సాధారణముగా కానరాదు. కార్జపు కణములలో ఆహారమును శక్తిగా మార్చు మైటోకాండ్రియా అను సూక్ష్మాంగములు చెడును. అంతట క్రొవ్వు దహింపబడక నిలిచిపోవును. నెత్తుటిలోని అమోనియా యను విషమును విరుగగొట్టు పని కుంటుపడును. ఆ విషము మెదడునకెక్కి దానిని ఉబ్బజేయును. మామూలు ఇన్‌ఫ్లుయెంజాలో గాని, 2020లో లోకమును చుట్టిన కోవిడ్‌లో గాని కార్జపు పరీక్షలు కొంచెము తారుమారై మరల సరిపడుట కలదు. రై చూచినది వేరు.

మరి యా పిడుగు కొందరిపైననే యేల పడెను? 1980 ప్రాంతమున అరిజోనా, ఒహాయో, మిషిగన్ రాష్ట్రములలో ఈ జబ్బు పడిన బిడ్డలను, జ్వరము వచ్చియు దీని పాలుగాని బిడ్డలతో పోల్చి చూచిరి. జ్వరము తగ్గుటకై తల్లిదండ్రులు ప్రేమతో నిచ్చిన ఆస్పిరిన్ బిళ్ళ జబ్బు పడినవారి యిండ్లలోనే హెచ్చుగా కనబడెను. ఔషధ వర్తకులు ఆక్షేపించిరి. 1982లో ప్రభుత్వ వైద్యాధికారి హెచ్చరించినను, సీసాలపై హెచ్చరిక తప్పనిసరి యగుటకు 1986 రావలసివచ్చెను. ఆ యాలస్యమును నేను తేలికగా నెంచలేను.

ఆ బిళ్ళయే సమస్తకారణమనుటయు తగదు; నాడు రై వ్యాధి యని వ్రాసుకొన్నవానిలో కొన్ని, పుట్టుకతో వచ్చిన జీవక్రియాలోపములని పిమ్మట తేలెను. అయినను వైద్యులు నేటికిని, జ్వరముతోనున్న బిడ్డకు తమ్మడుగక ఆస్పిరిన్ ఈయవద్దందురు. 1979-80లో అమెరికాలో 555 మందికి వచ్చిన యీ జబ్బు, 1987 మొదలు 1993 వరకు ఏ యేటను 36 మందికి మించి రాలేదు.