మీ నాన్నగారు ఏం చేస్తారు? (పని - కులం: 6వ భాగం)

క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కాలం వచ్చింది. రెజ్యూమె ఎలా రాయాలో, టై ఎలా కట్టుకోవాలో చెప్పేవాళ్లు బోలెడు మంది. ఆ గదిలో అడిగే ఒక ప్రశ్న వెనక ఎంత చరిత్ర ఉందో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ వారం ముందు బొంబాయి బట్టల మిల్లులకు పోదాం.

వందేళ్ల కిందట మిల్లు పనికి ఇంటర్వ్యూ లేదు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి. జాబర్ అనే మేస్త్రీ తన ఊరివాళ్లను, తన కులంవాళ్లను, దస్తూరీ ముట్టజెప్పినవాళ్లను ఏరుకుని లోపలికి తీసుకుపోయేవాడు. దళితులకూ పని దొరికేది, ఎక్కువగా వడుకు విభాగంలో. కూలి ఎక్కువ వచ్చే నేత విభాగంలోకి మాత్రం రానిచ్చేవాళ్లు కాదు.

అడ్డం వచ్చింది ఉమ్మి. నాడెలో కండె అయిపోతే కొత్తది పెట్టి, దారపు కొసను నాడె కంట్లోంచి నోటితో పీల్చి లాగాలి. దళితుడు నోరు పెట్టిన నాడెను మేం ముట్టుకోం అన్నారు సవర్ణ కార్మికులు. యజమాని కాదు మిత్రులారా, పక్క మగ్గం మీద పనిచేసే తోటి కార్మికుడే అన్నాడు. ఒకరి ఎంగిలి ఒకరు పీల్చడం మీద వాళ్లకు అభ్యంతరం లేదు. ఎవరి ఎంగిలి అన్నదే పేచీ.

1928లో బొంబాయి మిల్లుల్లో పెద్ద సమ్మె జరిగింది. సుమారు లక్షన్నర మంది నెలల తరబడి పని మానేశారు. నేత విభాగం తలుపు దళితులకు తెరవాలన్న డిమాండును కూడా చేర్చమని బాబాసాహెబ్ సమ్మె నాయకులను పట్టుబట్టారు. చేర్చకపోతే మావాళ్లను సమ్మెకు దూరంగా ఉండమంటాను అన్నాక గానీ వాళ్లు దిగిరాలేదు. అదీ అయిష్టంగానే. పదేళ్ల తర్వాత మన్మాడ్ రైల్వే దళిత కార్మికుల సభలో ఆయన బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ కార్మికుడికి శత్రువులేనని చెప్పింది ఊరికే కాదు.

జాబర్ పోయాడు, హెచ్ఆర్ వచ్చాడు. గేటు పోయి ఏసీ గది వచ్చింది. మరి ఎంపిక మారిందా?

సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం చదవండి. 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, అర్హతలు ఒకటే, పేర్లు మాత్రం వేరు. పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుకు 1 అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. ఇంటర్వ్యూ గది దాకా రాకముందే ఇది. అదే ఏడాది ప్రచురించిన ఇంకో అధ్యయనం కోసం సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతంలోని పెద్ద కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లు 25 మందితో మాట్లాడారు. మాకు ప్రతిభే ముఖ్యం అన్నది అందరి మాట. ఇంటర్వ్యూలో కుటుంబ నేపథ్యం అడుగుతామని చెప్పిందీ వాళ్లే.

ఆ ప్రశ్న నాకూ ఎదురైంది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ. టెక్నికల్ రౌండు బాగా అయింది. చివర్లో "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అన్నాడాయన. వ్యవసాయ కూలీ అన్నాను. "ఈ ఇంటిపేరు ఎక్కడా వినలేదే, ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?" కోడింగుకీ మా ఇంటి దిక్కుకీ ఏం సంబంధమో ఇప్పటికీ తెలీదు. ఉద్యోగం వచ్చింది. వచ్చాక క్యాంటీన్ బల్ల దగ్గర అదే ఇంటర్వ్యూ కొనసాగింది. "ఎంసెట్‌లో ర్యాంకెంత?" ర్యాంకు అడిగేవాడికి ర్యాంకు అక్కర్లేదు, కేటగిరీ కావాలి.

సముద్రం దాటినా ఇంతే. సిస్కో మీద కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం 2020 జూన్‌లో వేసిన కేసులో ప్రధాన ఆరోపణ ఇలాంటిదే: ఒక దళిత ఇంజనీరు ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరాడని పైఅధికారి తోటివాళ్లకు చెప్పాడని, ఆ తర్వాత వేధింపులు మొదలయ్యాయని. సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించింది. ఇక్కడ రాజ్యాంగంలోని 16(4) ప్రభుత్వ ఉద్యోగాల దగ్గరే ఆగిపోతుంది. ప్రైవేటు గదిలో ఎంపిక లెక్క ఎవరికీ చూపించనక్కర్లేదు.

ఈ ప్లేస్‌మెంట్లలో మీకు ఈ ప్రశ్న ఎదురైతే కంపెనీ పేరు, తేదీ, అన్న మాట అన్నట్టుగా రాసి పెట్టుకోండి. కాలేజీల వారీగా పోగుచేద్దాం.

వచ్చే వారం: 1943లో కేంద్ర ఉద్యోగాల్లో 8.33 శాతం ఎలా వచ్చింది.

జై భీమ్.