తెలుగు ప్రతులును ప్రాసెసర్ల మార్పులును

హైదరాబాదు తూర్పుభాగమున, విజయవాడ రాజమార్గముపై నున్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతములందు కంప్యూటరు శిక్షణాలయములును, డి.టి.పి. దుకాణములును అనేకము వెలసినవి. పరిశోధక విద్యార్థులు పలువురు తమ సిద్ధాంతవ్యాసములను ఇట్టి దుకాణములందే కూర్పించుకొనిరి. నాటి ఫ్లాపీలలోని ప్రతులను నేటి యంత్రములపై తెఱచినచో తెలుగునకు మాఱుగా అర్థరహితమైన రోమను అక్షరములు కానవచ్చుట కలదు. క్రొత్త ప్రాసెసర్లు వచ్చుటచే పాతప్రతులు నశించినవని సామాన్యముగా చెప్పుదురు. ఈ అభిప్రాయ మెంతవరకు సమంజసమో పరిశీలింతము.

1978లో వెలువడిన 8086 ప్రాసెసరు 16 బిట్లది. డాస్ ప్రోగ్రాములు దాని పద్ధతి ననుసరించి వ్రాయబడినవి. 1985 నాటి 80386, తాను 32 బిట్లదయ్యును, 8086ను అనుకరించు ప్రత్యేకవిధానమును కలిగియుండెను. కావున పాతప్రోగ్రాములు విండోసులో సైతము నడచినవి. 2003లో వచ్చిన 64 బిట్ల ప్రాసెసర్ల ప్రధానవిధానమున ఈ సౌకర్యము లేదు. 64 బిట్ల విండోసు 16 బిట్ల ప్రోగ్రాములను అంగీకరింపదు. 2021 నాటి విండోసు 11 ఆ 64 బిట్ల రూపముననే వెలువడినది. సీడాక్ సంస్థవారి జిస్ట్ కార్డు వంటి పరికరములకు కావలసిన ఐసా స్లాట్లును క్రమముగా మదర్‌బోర్డులనుండి తొలగినవి.

అయినను ఈ చిక్కు తీరనిది కాదు. 2002లో వెలువడిన డాస్‌బాక్స్ వంటి ఎమ్యులేటర్లు పాతయంత్రమును క్రొత్తదానిలో అనుకరించి, డాస్ ప్రోగ్రాములను పెక్కింటిని నడపుచున్నవి. అసలు చిక్కు అక్షరసంకేతములలో నున్నది. ఇస్కీ ప్రమాణము 1991లో స్థిరపడినను, డి.టి.పి. ఫాంట్లు తలకట్టు, కొమ్ము, ఒత్తు మున్నగు ఆకృతులకు తమకు తోచిన సంఖ్యలను కేటాయించుకొనినవి. ఒక ఫాంటులో కొమ్మునకు గుర్తయిన సంఖ్య వేఱొకదానిలో మఱియొక ఆకృతికి గుర్తు కావచ్చును. ఆ ఫాంటు లేనియెడల ప్రాసెసరు ఏదైనను ప్రతి చదువ శక్యము కాదు. యూనికోడులో తెలుగు 1991లోనే చేరినను, విండోసులో దానికి ఆధారము 2001 నాటి ఎక్స్‌పీతో గాని లభింపలేదు.

కావున ప్రతులు నశించుటకు ప్రాసెసరు ముఖ్యకారణము కాదని మా నిర్ణయము. తాళపత్రము శిథిలమైనను లిపి మనకు తెలియును. ఇచ్చట పత్రము నిలిచియున్నది, లిపిసంకేతమే మఱుగుపడినది. ముద్రితప్రతి యున్నచోట దానిని ఫైలుతో సరిపోల్చి, ఏ సంఖ్య ఏ ఆకృతికి గుర్తో పట్టిక కట్టి, యూనికోడులోనికి మార్చుట సాధ్యమే. ఇది పాఠపరిష్కరణము వంటి పనియే గనుక తెలుగు శాఖలకు క్రొత్తది కాదు. అయితే ఫ్లాపీల అయస్కాంతపు పూత ఏటేట క్షీణించుచున్నది. ఫైలు, ఫాంటు, ముద్రితప్రతి, ఈ మూడింటిని ఒక్కచోట భద్రపఱచుట తక్షణకర్తవ్యము.