పొగ మన గల్లీలో, అనుమతి సనత్‌నగర్‌లో

హైదరాబాద్‌లోని చంపాపేట్‌కు ఒకవైపు కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడి, ఇంకోవైపు కంచన్‌బాగ్‌లో మిధాని, బీడీఎల్ ప్రహరీలు. నడుమంతా కాలనీలే. ఇలాంటి చోట ఇంటి పక్క షెడ్డులోంచి ఘాటు వాసన వస్తే జనం మొదట పట్టుకునేది కార్పొరేటర్‌ని. ఆయన మునిసిపల్ సర్కిల్ ఆఫీసుకు ఫోన్ చేస్తారు. అక్కడివాళ్లు చూసేది ట్రేడ్ లైసెన్సు. 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం 521వ సెక్షన్ ప్రకారం, ప్రమాదకరమైన సరుకు నిల్వకూ వ్యాపారానికీ ఇచ్చే కాగితం అది. పొగగొట్టం ఎంత ఎత్తుండాలి, అందులోంచి ఎంత మసి బయటికి రావచ్చు అన్నది రాసి ఉండే కాగితం వేరు. దాన్నిచ్చేది కాలుష్య నియంత్రణ మండలి, జనం నోట్లో పీసీబీ. దాని ప్రధాన కార్యాలయం నగరానికి ఆ కొసన, సనత్‌నగర్ పారిశ్రామికవాడలో ఉంది. పొగ పీల్చేవాళ్లకూ ఆ కాగితానికీ మధ్య ఇంత దూరం ఎలా వచ్చిందో తెలుసుకోవాలి.

మొదట్లో పొగ ఊరి సంగతే. కలకత్తాలో 1863లోనే పొగ మీద చట్టం ఉంది. ఆ తర్వాత 1905లో బెంగాల్, 1912లో బొంబాయి ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. ఇన్‌స్పెక్టర్లు మిల్లుల చిమ్నీల్ని కళ్లారా చూసి నోటీసులిచ్చేవారు. స్వాతంత్ర్యం వచ్చాక 1974లో నీటికి, 1981లో గాలికి కేంద్ర చట్టాలు రావడంతో పెత్తనం రాష్ట్ర బోర్డుల చేతికి పోయింది. ఆంధ్రప్రదేశ్ బోర్డు 1976లో ఏర్పడింది, తెలంగాణకు 2014లో సొంత బోర్డు వచ్చింది. ఫ్యాక్టరీ కట్టే ముందు సీఎఫ్‌ఈ, నడిపే ముందు సీఎఫ్‌ఓ అనే అనుమతులు బోర్డు నుంచి తీసుకోవాలి. దరఖాస్తు వచ్చిన నాలుగు నెలల్లో బోర్డు తేల్చాలి. ఆ నాలుగు నెలల్లో పక్కింటివాళ్లను పిలిచి అడగాలని మాత్రం చట్టంలో ఎక్కడా లేదు. ప్రజాభిప్రాయ సేకరణ ఉన్నది పర్యావరణ అనుమతులకు, అదీ 1997 నుంచి, అదీ జాబితాలో ఉన్న పెద్ద ప్రాజెక్టులకే.

అలాగని చట్టం స్థానికుల్ని పూర్తిగా వదిలేయలేదు. బోర్డులో ఐదుగురి దాకా స్థానిక సంస్థల సభ్యుల్ని నామినేట్ చేయవచ్చు. గాలి చట్టం 51వ సెక్షన్ ఇంకా విలువైనది. ఏ ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చారో, ఏ పరిమితులు పెట్టారో బోర్డు ఒక రిజిస్టర్‌లో రాసి ఉంచాలి. ఆ పొగ బారిన పడేవాళ్లు ఎవరైనా పనివేళల్లో వెళ్లి దాన్ని చూడవచ్చు. 1987 సవరణతో, 60 రోజుల ముందు నోటీసిచ్చి మామూలు పౌరుడు కూడా కోర్టులో ఫిర్యాదు చేసే హక్కు వచ్చింది. ప్రజాప్రయోజనానికి భంగమని బోర్డు భావిస్తే తప్ప, తన దగ్గరున్న నివేదికలు ఆ పౌరుడికి ఇవ్వాలి. నాకు బాధ కలిగించేది ఇక్కడే. ఇన్నేళ్లుగా ఈ హక్కు మన చేతిలో ఉన్నా, కాలనీ సంఘాల మీటింగుల్లో దీని ఊసే వినపడదు.

గాలి ప్రమాణాల చరిత్ర చూసినా మనసుకు కష్టం కలుగుతుంది. 1994 ప్రమాణాల ప్రకారం పారిశ్రామిక ప్రాంతంలో ఘనపు మీటరు గాలికి ఏడాది సగటున 360 మైక్రోగ్రాముల ధూళి ఉండవచ్చు, ఇళ్లున్న చోట 140 మించకూడదు. కాటేదాన్‌లాంటి చోట ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని బస్తీ ఉంటే ఏ లెక్క చెల్లుతుంది? 2009 నవంబరులో గానీ ఈ రెండింటికీ ఒకే ప్రమాణం రాలేదు.

అనుమతి ఇచ్చేవాళ్ల తీరు ఎలా ఉండాలో చెప్పిన పెద్ద తీర్పు పుట్టింది మన శివారులోనే. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌లకు పది కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదని ఉత్తర్వు ఉండగా, శంషాబాద్ మండలంలో ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ ఒకటి తలపెట్టారు. ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది, బోర్డు కాదంది, అప్పీలు అధికారి ఔనన్నారు, హైకోర్టూ దాన్నే సమర్థించింది. 1999లో సుప్రీంకోర్టులో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు ఆ వరసను ఆపింది. హాని ఉండదని నిరూపించాల్సిన భారం ఫ్యాక్టరీ పెట్టేవాడిదేనని, ఇలాంటి అప్పీళ్లు వినేచోట శాస్త్రజ్ఞులు ఉండాలని ఆ తీర్పు సారం. 2000 డిసెంబరులో తుది తీర్పు ఫ్యాక్టరీకి వ్యతిరేకంగా వచ్చింది. అది మంచినీళ్ల గొడవ, సుప్రీంకోర్టు దాకా నడిచింది. గాలికి అలాంటి కదలిక రాలేదు.

రాకపోతే ఏమవుతుందో విశాఖ చూసింది. గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో ఫ్యాక్టరీ వెలిసింది. 1997లో అది కొరియా కంపెనీ ఎల్జీ కెమ్ చేతికి వచ్చింది. చుట్టూ ఇళ్లు పెరుగుతూ పోయాయి, ఉత్పత్తి పెరుగుతూ పోయింది, బోర్డు అనుమతులు రెన్యువల్ అవుతూ పోయాయి. 2020 మే 7న, తెల్లవారుజామున మూడు గంటల వేళ, లాక్‌డౌన్‌లో కదలకుండా ఉన్న ట్యాంకులో స్టైరీన్ అనే రసాయనం వేడెక్కి ఆవిరై ఊరి మీదికి వచ్చింది. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తి దారిలోనే కూలిపోయారు. పన్నెండు మంది చనిపోయారు. సైరన్ మోగలేదు. చల్లబరిచే ఏర్పాటు చాలలేదనీ, స్టైరీన్ గడ్డకట్టకుండా కలిపే మందు తగినంత లేదనీ రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ జులైలో తేల్చింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది. అంతటితో ఆగకుండా, పర్యావరణ అనుమతి లేకుండా ఫ్యాక్టరీ నడవనిచ్చిన అధికారులెవరో గుర్తించమని ప్రధాన కార్యదర్శిని ఆదేశించింది. ఆ ఆదేశాన్ని ఇంకా గట్టిగా చదవాల్సింది మనమే.

కలిసిరాని సంగతి ఇంకొకటి ఉంది. 2024 ఏప్రిల్ నుంచి గాలి చట్టం ఉల్లంఘనల్లో చాలావాటికి జైలు శిక్ష పోయి, పది వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా మిగిలింది. శిక్ష భయం తగ్గినప్పుడు ఇరుగుపొరుగు కాపలా పెరగాలి. కాబట్టి చంపాపేట్‌లో ఏ కాలనీ సంఘమైనా కార్పొరేటర్‌ను వెంటబెట్టుకుని బోర్డుకు వెళ్లి అడగాల్సిన ప్రశ్నలు ఇవి. మా పక్కనున్న యూనిట్‌కు సీఎఫ్‌ఓ ఉందా, గడువు ఎప్పటిదాకా? ఏ సరుకు, ఎన్ని టన్నులు చేయమని ఇచ్చారు? ఇప్పుడు ఎంత చేస్తున్నారు? గొట్టం దగ్గర చివరిసారి కొలిచినప్పుడు ఎంత వచ్చింది? వెంకటాపురంలో టన్నుల ప్రశ్నకు జవాబు కాగితం మీద ముందే ఉంది. చేస్తున్న ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని కంపెనీయే 2019 మేలో, అంటే ప్రమాదానికి ఏడాది ముందు, అఫిడవిట్‌లో రాసిచ్చింది.