ఆర్బత్‌నాట్ కొఠీ పతనము - చెన్నపురి పౌరుల విశ్వాస పరిణామము

పట్టణముల చరిత్రమును వ్రాయువారు యుద్ధములను, ముట్టడులను, క్షామములను, తుపానులను విరివిగా వర్ణింతురు. ఒక ధనాగారము తలుపులు మూయఁబడిన దినమునకు వారి గ్రంథములలో నొకటి రెండు పంక్తులకు మించి చోటు దొరకదు. తుపాను గృహములను గూల్చును. అవి మరల నిర్మింపఁబడును. ధనాగారము గూలినపుడు గోడలు నిలిచియే యుండును గాని, ఒకరి మాటను మఱియొకరు నమ్ముటకు గల యాధారము కదలిపోవును. అట్టి చలనము చెన్నపట్టణమునకు 1906 వ సంవత్సరమున సంభవించెను. మన పంచాంగముల ననుసరించి యది పరాభవ నామ సంవత్సరము. పేరు కాకతాళీయమే యైనను, ఆనాఁటి పౌరుల యనుభవమునకుఁ దగియే యున్నది.

అప్పటి చెన్నపురి తెలుఁగు మండలములకును రాజధాని. 1901 వ సంవత్సరపు జనాభా లెక్కలలో నా నగరమున 5,09,346 మంది యుండిరి. గంజాము మొదలు నెల్లూరు వఱకును గల సర్కారు జిల్లాల వ్యాజ్యములకును, పరీక్షలకును, వర్తకమునకును, ఉద్యోగములకును తెలుఁగువారు పోవలసిన స్థలమదియే. కావున నా పట్టణపు ధనవిషయము మనకుఁ బరాయిది కాదు.

చెన్నపురి వర్తకమున మూఁడు ఆంగ్లేయ కొఠీలు ప్రసిద్ధములు: ప్యారీ, బిన్నీ, ఆర్బత్‌నాట్. వీనిలో 1810 నుండి ఆ పేరఁ బరఁగుచుండిన ఆర్బత్‌నాట్ కొఠీ మిక్కిలి దృఢమైనదని లోకుల యభిప్రాయము. ఇట్టి కొఠీలను ఏజెన్సీ హౌసులనుచుండిరి. ఇవి తోఁటలకును, నౌకలకును, భీమా సంఘములకును బ్రతినిధులుగా నుండి, సరకులను ఎగుమతి దిగుమతులు సేయుచు, సీమకు ధనమును బంపుచు, దానితోడనే పౌరుల సొమ్మును వడ్డీకిఁ బుచ్చుకొనుచుండెను. 1843 లో స్థాపింపఁబడిన మద్రాసు బ్యాంకు వేఱుగాఁ గలదు. కాని 1876 నాఁటి రాజధానీ బ్యాంకుల చట్టము దానిని విదేశ ద్రవ్య వినిమయము నుండియు, దీర్ఘకాలపు ఋణముల నుండియు, స్థిరాస్తిపై నప్పిచ్చుట నుండియు నివారించెను. కట్టుబాటులు గల చోట సాహసము తక్కువ, వడ్డీయుఁ దక్కువ. కట్టుబాటులు లేని కొఠీలకు సొమ్ము ప్రవహించుటకు నిది యొక కారణము.

ఆర్బత్‌నాట్ కొఠీ భాగస్వాముల వ్యాపారము; వాటాదారులు గల సంఘము కాదు. కావున తన యాస్తి యప్పుల పట్టికను ఏఁటేఁటఁ బ్రకటింపవలసిన నిర్బంధము దానికి లేకుండెను. సొమ్ము నిలువయుంచినవారిలో నుద్యోగవిరతులగు వృద్ధులును, వితంతువులును, వకీళ్లును, వర్తకులును, తెల్లవారును నల్లవారును గలరు. వీరెవ్వరును పద్దులను జూచినవారు కారు. కట్టడమును జూచిరి; యజమానుఁడగు సర్ జార్జి ఆర్బత్‌నాట్ దొరకు నగరమునఁ గల గౌరవమును జూచిరి; తమ తండ్రులు నందే సొమ్ముంచుటను జూచిరి. దీనిని మౌఢ్యమని తీసివేయరాదు. నిక్షేపమును సత్కులజుఁడు, సద్వృత్తుఁడు, ధర్మజ్ఞుఁడు, సత్యవాది, బంధుబలము గలవాఁడు, ధనవంతుఁడు నగు వానికడ నుంచవలెనని మనుస్మృతి యష్టమాధ్యాయమునఁ జెప్పఁబడినది. చెన్నపురి పౌరులు తెలిసియో తెలియకయో స్మృతి చెప్పిన లక్షణములనే పరీక్షించి, యవి యా దొరయందుఁ గలవని నిశ్చయించుకొనిరి.

ఆ కొఠీ విధి లండను నగరమునఁ గల యొక కొఠీతో ముడివడియుండెను. అందలి భాగస్వామి ప్యాట్రిక్ మాక్‌ఫేడియన్. ఇచటఁ జేరిన సొమ్ములో నధికభాగ మచటికిఁ బోవుచుండఁగా, నాతఁడు లాభాశచే సాహస వ్యాపారములలో దానిని వినియోగించి నష్టపడెను. 1906 అక్టోబరు 20 వ తేది శనివారమున నాతఁడు లండనులో నాత్మహత్య గావించుకొనెను. అక్టోబరు 22 వ తేది సోమవారమునఁ జెన్నపురి కొఠీ చెల్లింపులు మానెను. ఆ కాలముననే బిన్నీ కొఠీయు సంకటమునఁ బడి, పిమ్మట ఇంచికేపు ప్రభువని ప్రసిద్ధుఁడైన జేమ్సు మాకే వశమయ్యెను. ప్యారీ కొఠీ పరుల సాహాయ్యమున నిలువఁబడెను. మూఁడు స్తంభములపై నిలిచిన మండపమున నొకటి విఱిగి, రెండవది చేతులు మాఱి, మూఁడవది యూఁతకోలతో నిలిచినచో, దాని క్రింది వారి మనఃస్థితి యెట్లుండునో యూహింపవచ్చును.

ఇచట శాస్త్రవిషయ మొకటి విచారింపవలసియున్నది. మన ధర్మశాస్త్రములలోఁ బదునెనిమిది వ్యవహారపదములు గలవు. మనువు చెప్పిన క్రమమున మొదటిది ఋణాదానము, రెండవది నిక్షేపము. ఈ రెండును బ్రక్కప్రక్కనే యున్నను వేఱువేఱు ధర్మములు గలవి. నిక్షేపమును ఉంచినది యుంచినట్లు తిరిగి యీయవలెను. గ్రహించినవాఁడు దానిని వాడుకొనరాదు. వాడుకొన్నచో దండ్యుఁడని యాజ్ఞవల్క్యుని మతము. రాజువలనను, దైవమువలనను, చోరులవలనను గలిగిన నష్టమునకుమాత్ర మాతఁడు బాధ్యుఁడు కాఁడు. ఋణమట్లు కాదు. తీసికొన్నవాఁడు సొమ్మును స్వేచ్ఛగా వినియోగించుకొని, వడ్డీతోఁ గూడ నంతకంత తీర్చును. మితాక్షరను ఆశ్రయించి పదుమూఁడవ శతాబ్దిలోఁ గేతన తెనుఁగున విజ్ఞానేశ్వరీయమును రచించుటచే నీ వ్యవహార విభాగము తెలుఁగువారికిఁ జిరకాలముగాఁ బరిచితము.

బ్యాంకునందలి డిపాజిట్టు ఈ రెంటిలో నేది? ఇంగ్లండు ప్రభువుల సభ 1848 లో ఫోలీ, హిల్ అనువారి వ్యాజ్యమున నిర్ణయించిన న్యాయము ననుసరించి యది ఋణమే. సొమ్ముంచినవాఁడు ఋణదాత, బ్యాంకు ఋణగ్రస్తుఁడు. ఉంచిన క్షణముననే యా సొమ్ము బ్యాంకువారి సొత్తగును. ఉంచినవానికి మిగిలినది తిరిగి యడుగు హక్కు మాత్రమే. చెన్నపురి పౌరుఁడు నిక్షేపభావముతో సొమ్ముంచెను. చట్టము ఋణభావముతో దానిని జూచెను. కొఠీ నిలిచియున్నంతకాల మీ భేదము పైకిఁ గానరాలేదు. అది కూలిన మఱునాఁడు గాని యా పౌరునకుఁ దానొక వేలమంది ఋణదాతల వరుసలో నొకఁడనియు, మిగిలిన యాస్తిలోఁ దన వంతుకు వచ్చినదే తనదనియుఁ దెలియలేదు. జీవితాంతము కూడఁబెట్టిన సొమ్ము "భద్రముగా నున్నది" అను మాట కర్థము మాఱిపోయెను. ఆ సంకటమునఁ గలిగిన మనఃపరిణామములలో మూలమైనది నా యభిప్రాయమున నిదియే.

పిమ్మట జరిగిన కార్యములు రెండు మార్గములఁ బోయెను. మొదటిది న్యాయస్థానపు మార్గము. దివాలా వ్యవహారమున ఋణదాతల పక్షమునఁ బ్రముఖముగా నిలిచిన న్యాయవాది వి. కృష్ణస్వామి అయ్యరుగారు. ఆయన మైలాపురమున 1906 లోనే సంస్కృత కళాశాలను స్థాపించిన మహనీయుఁడు, పండితలోకమునకు సుపరిచితుఁడు. సర్ జార్జి ఆర్బత్‌నాట్‌పై నేరము విచారింపఁబడి, పదునెనిమిది నెలల కఠినశిక్ష విధింపఁబడెను. ఆ కాలమునఁ దెల్లదొర, యందును నంతటి పదవి గలవాఁడు, చెన్నపురిలోఁ గారాగారమునకుఁ బోవుట సామాన్యమైన సంగతి కాదు. సొమ్ము పోయినవారికి దానివలన రూపాయి రాలేదు. అయినను, పేరునకు భయపడి న్యాయము వెనుదీయదను ధైర్యము కొంత కలిగెను.

రెండవది నిర్మాణమార్గము. 1905 లో వంగవిభజనము జరిగినపిమ్మట స్వదేశీ భావము దేశమంతట వ్యాపించుచుండెను. కొఠీ పడిన పక్షము దినములలోనే, అనఁగా 1906 నవంబరు తొలి దినములలో, దేశీయుల చేతిలో నొక బ్యాంకు నెలకొల్పవలెనని కృష్ణస్వామి అయ్యరుగారును మఱికొందఱును విజ్ఞప్తిపత్రమును బ్రకటించిరి. నాట్టుకోట చెట్ల ధనబలమును, వకీళ్ల బుద్ధిబలమును అందుఁ గలిసెను. ఇండియన్ బ్యాంకు 1907 మార్చి 5 వ తేది స్థాపితమై, ఆగస్టు 15 వ తేది వ్యాపార మారంభించెను. ఆ సంవత్సరముననే బిపినచంద్రపాలుఁడు విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, బెజవాడ, మచిలీపట్టణముల మీఁదుగాఁ జెన్నపురికి వచ్చి సముద్రతీరమున నుపన్యసించెను. తమ సొమ్ము పోయినవారును, ఆ కథ విన్నవారును నా యుపన్యాసముల నెట్టి చెవులతో విని యుందురో చెప్పఁబని లేదు.

కథ నిచటనే ముగించినచో వినుటకు సొంపుగా నుండును. తెల్లవారి కొఠీ కూలెను, నల్లవారి బ్యాంకు లేచెను, నగరము మేల్కొనెను అని పాఠశాలలోఁ జెప్పవచ్చును. కాని చరిత్రకారుఁడు మఱి కొన్ని సంవత్సరములు ముందునకుఁ బోవలెను. 1913 లో లాహోరునందలి పీపుల్సు బ్యాంకు మూఁతపడెను. ఆ సంవత్సరముననే బొంబాయి యందలి ఇండియన్ స్పీషీ బ్యాంకు వెండి బేరములలో మునిఁగెను. వానితో ననేక స్వదేశీ బ్యాంకులు పడిపోయెను. ఇవి యన్నియు దేశీయుల సంస్థలే. చెన్నపురికిని మఱల నట్టి దినము వచ్చెను. 1937 లో రెండు బ్యాంకుల కలయికచే నేర్పడి, యీ నగరమునను గార్యాలయము గలిగియుండిన ట్రావన్కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు 1938 లోఁ జెల్లింపులు మానెను. సొమ్ముంచినవారి దుఃఖమునకు యజమాని దేహవర్ణముతోఁ బనిలేదని స్పష్టమయ్యెను.

దీనినిబట్టి 1906 లోఁ బౌరులు నేర్చిన పాఠము సగమే యనవలెను. "ఏ పేరును నమ్మవలెను?" అను ప్రశ్నకు వారు క్రొత్త యుత్తరమును గనుఁగొనిరి. "పేరును నమ్మవచ్చునా?" యను ప్రశ్న యింకను మిగిలియుండెను. ఆంగ్లేయనామము నుండి స్వదేశీనామమునకు విశ్వాసము మాఱుట యొక మెట్టు. నామము నుండి పద్దునకు, పద్దు నుండి చట్టమునకు మాఱుట పై మెట్లు. వానిని ఎక్కుటకు నేఁబదియైదు సంవత్సరములు పట్టెను. 1935 లో రిజర్వు బ్యాంకు పని యారంభించెను. 1949 లో బ్యాంకుల నియమన చట్టము పుట్టెను. 1962 జనవరి 1 వ తేది నుండి డిపాజిట్లకు భీమా కలిగెను. మొదట 1,500 రూపాయల వఱకే యుండిన యా రక్షణ 2020 లో 5 లక్షల రూపాయలకుఁ బెరిగెను. సూక్ష్మముగాఁ జూచినచో, ఋణమై యుండిన డిపాజిట్టునకు నిక్షేప లక్షణమును గొంత చట్టము తిరిగి సమకూర్చినదని చెప్పవచ్చును. చెన్నపురి పౌరుఁడు 1906 లో నేభావముతో సొమ్ముంచెనో, ఆ భావమునకుఁ గొంతయైన నాధార మిట్లు లభించెను.

స్వదేశీ ప్రయత్నము వ్యర్థమని నే ననుట లేదు. తెలుఁగుదేశమున దాని ఫలము ప్రత్యక్షము. మచిలీపట్టణమున భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. వసూలైన మూలధన మొక లక్ష రూపాయలు. ఆ చిన్న బ్యాంకు 1980 లో జాతీయము చేయఁబడి, 2020 లో యూనియన్ బ్యాంకునందు లీనమగువఱకు నిలిచెను. ఇండియన్ బ్యాంకు నేఁటికిని నడచుచున్నది. ఇవి నిలుచుటకును 1913 నాఁటివి కూలుటకును గల భేదము స్థాపకుల దేశభక్తిలో లేదు. అది యిరువురకును సమానమే. చేతి సొమ్మును నిలువయుంచుకొని, యొకచోటనే సర్వము పెట్టక, వెండి బేరములవంటి వానికిఁ బోక, యప్పిచ్చుటలోనే గలదు. ఇది వీరగాథలకుఁ దగినది కాదు గాని, వితంతువు సొమ్మును గాపాడునది యిదియే.

పండితులును ఉపాధ్యాయులును ఈ చరిత్రమును బాలురకుఁ జెప్పునపుడు రెండు విషయములను దప్పక చెప్పవలెనని నా మనవి. మొదటిది, ఋణ నిక్షేపముల భేదము. ఇది యేదో ప్రాచీన స్మృతులలోని శుష్క విభాగమని విద్యార్థులు వల్లించి మఱచుచున్నారు. చెన్నపురి పౌరులకు నా భేద మెఱుకపడుటకుఁ జెల్లించిన మూల్యమును జెప్పినచో మఱవరు. రెండవది, ఆ పౌరులను జూచి నవ్వరాదనుట. కులశీలములను, ధనమును, కీర్తిని జూచి నమ్ముట మన పెద్దలు చెప్పిన మార్గమే. పరస్పరము ముఖ మెఱిఁగిన గ్రామమున నది చాలును. ఇచట నుంచిన సొమ్ము సముద్రముల నావల మఱియొక నగరమున వినియోగింపఁబడు కాలమునకు నది చాలలేదు. లోపము వారి గుణమునది కాదు. వారికిఁ దెలియకయే మాఱిపోయిన కాలమునది. పద్దును బయటఁ బెట్టుమని యడుగుట యవిశ్వాసమని, అమర్యాదయని యానాఁడు తలఁచిరి. అడుగుటయే విశ్వాసమునకు రక్షయని యా పరాభవ సంవత్సరము నేర్పెను.