తెరపై గడి, స్మృతిలో విలువ: ద్విముఖ బంధము కథ

కంప్యూటరు తెరపై నొక దరఖాస్తు ఫారమును నింపునపుడు ప్రతి వివరమును రెండు తావుల నుండును. ఒకటి మన కంటికి కనబడు గడి. రెండవది మెమరీ యనబడు కంప్యూటరు స్మృతిలో ప్రోగ్రాము దాచుకొన్న విలువ. గడిలో 67 మార్కులుండి, స్మృతిలో 76 ఉన్నచో ఆ ఫారమును నమ్ముట యెట్లు? ఈ రెండింటిని ఎల్లప్పుడు ఒక్కటిగా నుంచుట వెబ్ ప్రోగ్రాములు వ్రాయువారిని చిరకాలము వేధించిన సమస్య.

ఈ సమస్య వెబ్ కంటె పాతది. 1979లో నార్వే దేశీయుడగు ట్రిగ్వే రీన్‌స్కౌగ్, అమెరికాలోని జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున పనిచేయుచు, దత్తాంశమును 'మోడల్' అనియు, దాని కనబడు రూపమును 'వ్యూ' అనియు వేరుచేసెను. ఆ యేడే డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారు వెలువరించిన 'విసికాల్క్' పట్టికలో ఒక గడిని మార్చినంతనే, దానిపై నాధారపడిన గడులన్నియు తమంత తామే మారెడివి.

1995 నవంబరులో వెలువడిన హెచ్‌టిఎమ్‌ఎల్ 2.0 ప్రమాణమున ఫారములకు చోటు దొరకెను. ఆనాటి ఫారము పోస్టుకార్డు వంటిది. నింపి, పంపి, జవాబునకై వేచియుండవలెను. తప్పున్నచో సర్వరు పేజీనంతయు మరల పంపెడిది. అదే సంవత్సరము నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ సృష్టించిన జావాస్క్రిప్టు వలన గడులను బ్రౌజరులోనే పరీక్షించుట సాధ్యమయ్యెను. కాని గడి మారినపుడు విలువను, విలువ మారినపుడు గడిని మార్చు భారము ప్రోగ్రాము వ్రాయువానిదే. ఇరువది గడులకు నలువది ఏర్పాట్లు! ఒక్కటి మరచినను తెరయు స్మృతియు విడిపోవును.

2009లో గూగుల్ ఉద్యోగియగు మిష్కో హెవెరీ, ఆడమ్ అబ్రాన్స్‌తో కలిసి ఈ భారమును తగ్గించు సాధనమొకటి తయారుచేసెను. గూగుల్‌లో ఆరునెలల శ్రమతో 17,000 పంక్తులకు పెరిగిన యొక ప్రోగ్రామును రెండువారములలో తిరుగవ్రాయుదునని హెవెరీ పందెము వేసెను. మూడువారములు పట్టినను, 1,500 పంక్తులతో పని ముగిసెను! 'ఆంగ్యులర్ జెఎస్' అను పేర ఆ సాధనము 2010లో లోకమునకు లభించెను. అదే యేట స్టీవ్ శాండర్‌సన్ 'నాకౌట్' అను సాధనమును వెలువరించెను.

గడికిని విలువకును ముడి వేసి, ఏది మారినను రెండవదానిని మార్చుటయే ద్విముఖ బంధము. ఆంగ్యులర్ జెఎస్ ప్రతి విలువను పాతదానితో పోల్చి చూచెడిది. ఏదేని మారినచో మరల మొదటినుండి పోల్చెడిది. ఏలన, ఒక సబ్జెక్టు మార్కు మారినచో మొత్తము మారును. మొత్తము మారినచో శ్రేణి మారవచ్చును. పది ఆవృత్తులలో నిలకడ రానిచో తప్పని ప్రకటించి ఆగిపోయెడిది.

ఇందులోనే చిక్కున్నది. మార్పులు ఇరువైపుల ప్రవహించునపుడు ఏ మార్పు ఎచట పుట్టినదో కనుగొనుట కష్టము. ఫేస్‌బుక్‌లో చదువని సందేశమున్నట్లు అంకె కనబడెడిది. తెరచి చూడ నేమియు నుండెడిది కాదు. సరిచేసినను ఆ దోషము మరల మరల తలయెత్తెడిది. మోడళ్లకు, వ్యూలకు నడుమ ఇరువైపుల సాగు మార్పులే చిక్కునకు మూలమని ఆ సంస్థ ఇంజనీర్లు 2014లో బహిరంగముగా వివరించిరి. అంతకు ముందే, 2013లో, ఆ సంస్థ విడుదల చేసిన 'రియాక్ట్' విలువను ఒకే దిశలో, పైనుండి క్రిందికి, పంపెడు పద్ధతిని ప్రచారము చేసెను.

పిమ్మట రెండు మార్గములును కలిసినవి. 2014లో ఇవాన్ యూ వెలువరించిన 'వ్యూ' సాధనమునందును, 2016 నాటి కొత్త ఆంగ్యులర్‌నందును ద్విముఖ బంధము రెండు ఏకముఖ మార్గముల సంక్షిప్త రూపముగా నిలిచెను: విలువ గడికి దిగును, గడిలోని మార్పు వార్తగా పైకి పోవును. పాత ఆంగ్యులర్ జెఎస్‌కు అధికారిక పోషణ 2021 డిసెంబరుతో ముగిసెను.

అయినను బంధము విలువను చేరవేయునే గాని, దాని సత్యమును తేల్చదు. బ్రౌజరులో గడి ఎంత చక్కగా నిండినను, సర్వరు దానిని మరల పరీక్షింపవలసినదే.